రోడ్డు లేని చోటికి పాత స్నోమొబైల్‌కు (మంచు మీద నడిచే మోటారు బండి) స్లెడ్ (చక్రాల్లేని జారుడు బల్ల) కట్టి సామాను లాగొచ్చా?
లాగొచ్చు. అలాస్కాలో రోడ్డు లేని క్యాబిన్లకు చలికాలంలో కట్టెలు, పెట్రోలు డబ్బాలు చేరేది చాలావరకు ఇలాగే. స్కీ-డూ స్కాండిక్ లాంటి వెడల్పు ట్రాక్ (కింద తిరిగే పట్టా) ఉన్న బండ్లు అసలు ఈ చాకిరీకే చేసినవి, పాతదైనా ఫర్వాలేదు.

స్లెడ్‌ను తాడుతో మాత్రం కట్టకండి. పల్లంలో బ్రేకు వేశారా, అది జారుకుంటూ వచ్చి బండిని వెనకనుంచి గుద్దుతుంది. ఇనుప కడ్డీతోనే బిగించాలి. ముందురోజు ఖాళీ బండితో దారి తొక్కించి వదిలేస్తే, రాత్రికి మంచు బిగుసుకుని గట్టి బాట అవుతుంది. సగం కష్టం అక్కడే తీరుతుంది. మెత్తటి మంచులో బరువుతో నెమ్మదిగా ఈడిస్తే డ్రైవ్ బెల్టు (ఇంజను బలాన్ని ట్రాక్‌కు అందించే బెల్టు) మాడిపోతుంది, స్పేర్ లేకుండా బయల్దేరొద్దు. రాత్రి ఆపేటప్పుడు స్లెడ్ కింద రెండు కర్రలు పెట్టండి, లేదంటే పొద్దున్నకి మంచుకు అతుక్కుపోతుంది.

గడ్డకట్టిన నది దాటేటప్పుడు ఇంకో తంటా: పైన పొడి మంచే కనిపించినా, దాని కింద ఐసు మీద నీళ్లు నిలిచి ఉండొచ్చు. ముందు దిగి కర్రతో పొడిచి చూడండి.