లింకులు బిగించకుండా రోడ్డెక్కకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు బండి బాడీని చక్రాల మీంచి 4 అంగుళాలు పైకి లేపావని, నాలుగు స్ప్రింగులూ నీ చేతులతో నువ్వే మార్చావని చెబుతుంటే వాడి గొంతులో గర్వం దాగలేదు. నాకూ అంతే. ఆరేళ్ల పిల్లవప్పుడు నా షెడ్డులో బండి కింద దూరి నాకు టార్చ్ పట్టుకునేదానివి. చెయ్యి నొప్పి పుడితే రెండో చేత్తో ఆ చేతిని పట్టుకునేదానివే గానీ, లైటు నట్టు మీంచి కదలనిచ్చేదానివి కాదు. ఆ చేతులే ఇవాళ స్ప్రింగులు ఎక్కించాయని వింటే ఎంత సంతోషం వేసిందో రాయలేను.

ఆ తర్వాతి మాట విన్నాకే నిద్ర పట్టలేదు. రోడ్డు మీద బండి ఊగుతోందని, స్టీరింగ్ నిలకడగా ఉండట్లేదని, ఇంకా గట్టి స్ప్రింగులు వేస్తే కుదురుతుందేమోనని అడిగావట. వచ్చే నెల నలుగురు స్నేహితులతో కొండదారికి ప్రయాణం కూడా పెట్టుకున్నావట. మలుపులో బండి ఒరగడాన్ని తగ్గించే స్టెబిలైజర్ రాడ్డు, దాన్ని యాక్సిల్‌కి కలిపే లింకుల సంగతేంటని అడిగాను. "లింకులు అందట్లేదని తీసి పక్కన పెట్టింది అన్నయ్యా" అన్నాడు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

గట్టి స్ప్రింగులు కొనకు. స్ప్రింగు గట్టిదనం అనేది బండి రోజూ మోసే బరువును బట్టి ఎంచుకోవాల్సింది. ఖాళీ బండికి మరీ గట్టి స్ప్రింగు వేస్తే ప్రతి గుంటకీ చక్రం నేలను వదిలి ఎగురుతుంది. నేలను తాకని టైరు నీ మాట వినదు. నీ బండికి ఇప్పుడు కావలసింది వేరు. స్ప్రింగుతో పాటు కదిలిపోయిన రాడ్లు, లింకులు, కోణాలు అన్నీ మళ్లీ వాటి వాటి స్థానాలకు రావాలి. బండిని 4 అంగుళాలు లేపావంటే ఒక్క స్ప్రింగు మార్చినట్టు కాదు తల్లీ, ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఉన్న ప్రతి ముక్కనూ కదిలించినట్టే.

కాస్త లెక్క చెబుతాను, ఓపిగ్గా చూడు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని, బండి బరువు కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. ఆ అంకె తగ్గేకొద్దీ బండి బోల్తాకు దగ్గరవుతుంది. చక్రాల మధ్య 1,500 మిల్లీమీటర్లు, బరువు కేంద్రం 700 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకో. 1.07 వస్తుంది. 4 అంగుళాలు లేపితే యాక్సిళ్లు, చక్రాలు కిందే ఉంటాయి కాబట్టి కేంద్రం ఒక 80 మిల్లీమీటర్లు పెరిగిందనుకుందాం. 0.96కి దిగింది. ఇప్పుడు 1,800 కిలోల ఆ బండి టాప్ మీద, నేలకు 2 మీటర్ల ఎత్తులో, 100 కిలోల సామాను కట్టు. కేంద్రం ఇంకో 64 మిల్లీమీటర్లు లేస్తుంది, అంకె 0.89 అవుతుంది. అంటే నువ్వు అంత కష్టపడి చేసిన లిఫ్ట్ ఎంత ముప్పు తెచ్చిందో, నిమిషాల్లో టాప్ మీద పడేసే సామాను అందులో దాదాపు మూడింట రెండు వంతులు తెస్తుంది. పైగా ఈ లెక్క బండిని రాయిలా గట్టిదనుకుని వేసింది. నిజం బండికి స్ప్రింగులు, టైర్లు ఒరుగుతాయి కాబట్టి అది ఇంకా ముందే తిరగబడుతుంది.

ఈ లెక్క నాకు తర్వాతే తెలిసింది. దేని తర్వాతో చెప్పాలి.

మీ నాన్న ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేడని నీకు తెలుసు. ఎవరడిగినా "గేదె అడ్డొచ్చింది, బండి పడింది" అంటాడు. ఇన్నేళ్లుగా అదే మాట. గేదె వచ్చిన మాట నిజమే. కానీ గేదె వల్ల పడలేదు, నా వల్ల పడింది. వాడు నన్ను కాచుకుంటూ వస్తున్నాడు. నీకు తెలియాల్సిన సమయం వచ్చింది కాబట్టి నేనే చెబుతున్నాను.

అప్పుడు నేనూ నీలాగే 4 అంగుళాలు లేపాను. లేపాక, ముందు వైపు స్టెబిలైజర్ రాడ్డుకి లింకులు అందలేదు. రాడ్డు కొసలు కిందకి లాక్కుపోయి, లింకు ఏటవాలుగా బిగుసుకుపోయింది. పొడుగు లింకులు చేయించాలనే అనుకున్నాను. ఈలోపు రాడ్డు తీసేసి ఒకసారి రాళ్ల దారిలో తిప్పి చూస్తే చక్రం ఎంత చక్కగా గుంతలోకి దిగి నేలను పట్టుకుందో! ఒక చక్రం బండ మీదా, ఇంకోటి గోతిలోనూ ఉన్నా బాడీ మట్టంగా నిలబడింది. నాకు తెగ నచ్చేసింది. లింకులు వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను. ఆ వచ్చే వారం మూడు నెలలైంది.

మొదటి రోజు రోడ్డు మీద మలుపులో బండి ఒరిగితే గుండె జల్లుమంది. పదో రోజుకి ఏమీ అనిపించలేదు. నడుము దానంతటదే రెండో వైపుకి వాలడం నేర్చుకుంది, చెయ్యి స్టీరింగ్‌ని కాస్త ముందే తిప్పడం నేర్చుకుంది. "బండి కుదురుకుంది" అని మీ నాన్నతో అన్నాను కూడా. బండి అలాగే ఉంది, మారింది నా ఒళ్లు. అమ్మలూ, నాకు నీ విషయంలో ఉన్న భయమంతా ఇదే. ఊగుడు ఊగుడులా అనిపించినంత కాలం నువ్వు జాగ్రత్తగానే ఉంటావు. అలవాటైన రోజు నుంచే ప్రమాదం.

ఆ సాయంత్రం ఇద్దరం తిరిగి వస్తున్నాం. టాప్ మీద రెండు స్టెప్నీలు, నీళ్ల క్యాన్లు, గుడారం. దిగుడు రోడ్డు, 60 దాటని వేగం. కుడి వైపు పొదల్లోంచి గేదె రోడ్డు మీదకి వచ్చింది. నేను ఎడమకి కోశాను. బాడీ మొత్తం కుడికి ఒరిగింది. గేదె తప్పిపోయింది. "హమ్మయ్య" అని మీ నాన్న అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. అప్పటికే ఎడమ చక్రాలు తారు దాటి మట్టి అంచులోకి దిగాయి, రోడ్డు మీదకి తెద్దామని కుడికి లాగాను. ఆ రెండో కోతే మమ్మల్ని పడేసింది. కుడికి ఒరిగి ఉన్న బరువంతా అక్కడి స్ప్రింగుల్లోంచి ఎగదన్నుకుని ఒక్క ఊపున ఎడమకి వచ్చింది. ఎడమ టైర్లు మట్టిలోకి కోసుకుపోయి అక్కడే తన్నుకున్నాయి. నా చేతిలో స్టీరింగ్ దూదిలా తేలికైపోయింది. టాప్ మీద క్యాన్లు జరిగిన చప్పుడు విన్నాను. తర్వాత బండి చాలా నెమ్మదిగా, ఆపొచ్చేమో అనిపించేంత నెమ్మదిగా, మీ నాన్న వైపుకి పడుకుంది. వాడి చెయ్యి కిటికీ అంచు మీద ఉంది.

ఆసుపత్రిలో వాడు నన్ను అడిగింది ఒకటే. "లింకులు ఎప్పుడు చేయిస్తావన్నయ్యా?" కోపంతో అడగలేదు. మామూలుగానే అడిగాడు. నాకు జవాబు రాలేదు.

కాబట్టి మొదటి పని స్టెబిలైజర్ రాడ్డు. బండిని మట్టసంగా నిలిపినప్పుడు రాడ్డు చేతులు మునుపు ఏ కోణంలో ఉండేవో మళ్లీ ఆ కోణానికి వచ్చేంత పొడుగు లింకులు వెయ్యి. రాళ్లలో చక్రం బాగా దిగాలంటే పిన్ను లాగితే విడిపోయే రకం లింకులు దొరుకుతాయి, అవే తీసుకో. రోడ్డు దిగాక విప్పు, రోడ్డెక్కే ముందు తగిలించు. ఆ పిన్నులు విప్పినప్పుడు తాళం చెవుల గుత్తికే తగిలించుకో, అవి చేతిలో ఉన్నంత సేపూ లింకులు ఊడి ఉన్నాయని గుర్తుంటుంది. ఒకటి మాత్రం తెలుసుకో, రాడ్డు బరువు కేంద్రాన్ని కిందకి దించదు. ఒరగడాన్ని తగ్గిస్తుంది, బండి నీ చేతికి వెంటనే బదులిచ్చేలా చేస్తుంది. ముందు రాడ్డు తీసేసి వెనకది ఉంచావంటే మలుపులో వెనక చక్రాల మీదే భారం పడి తోక జారే గుణం వస్తుంది. ముందుది లేకుండా వెనకది లావు చేద్దామని ఎవరైనా చెబితే వినకు.

రెండోది పాన్‌హార్డ్ రాడ్డు. యాక్సిల్ పక్కలకు జరగకుండా పట్టుకునేది అదే. బండి లేచేసరికి ఆ రాడ్డు ఏటవాలై, యాక్సిల్‌ని ఛాసిస్‌కి బిగించిన కొస వైపు లాగేసి ఉంటుంది. దారానికి ఒక నట్టు కట్టి రెండు వైపులా ఫెండర్ అంచు నుంచి వేలాడదీసి, టైరుకి ఎంత దూరం ఉందో కొలిచి చూడు. తేడా ఉంటే పొడుగు సర్దుకునే రాడ్డు వేసి మధ్యకి తీసుకురా. ఇంకో సంగతి, పక్కనే ఉండే స్టీరింగ్ రాడ్డూ ఇదీ దాదాపు ఒకే కోణంలో ఉండాలి. ఒకదాని బ్రాకెట్ దించి రెండోది అలాగే వదిలేస్తే గుంట వచ్చినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది.

స్టీరింగ్ నిలకడ లేదన్నావు కదా, అది చాలావరకు క్యాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే కీలు వెనక్కి వాలి ఉండే కోణం, పోవడం వల్లే అయి ఉంటుంది. లేపినప్పుడు ముందు యాక్సిల్ కొద్దిగా ముందుకి తిరుగుతుంది, చక్రం తనంతట తాను మధ్యకి రావడం మానేస్తుంది. రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి తొలిచిన రబ్బరు బుష్షులు గానీ, క్యాస్టర్ సరిచేసేలా చేసిన, యాక్సిల్‌ని పట్టుకునే ఆర్మ్‌లు గానీ వేసి, అలైన్‌మెంట్ మెషీన్ మీద కొలిపించు. కళ్లతో చూసి సరిపోయిందనుకోవద్దు. స్టీరింగ్ డ్యాంపర్ కొని తగిలిస్తే వణుకు తగ్గినట్టే ఉంటుంది, కారణం మాత్రం లోపలే ఉంటుంది. వణుకు వచ్చిందంటే బుష్షులు, బాల్ జాయింట్లు, టైర్ బ్యాలెన్స్ చూడాలి.

బుష్షుల దగ్గర చాలామంది చేసే తప్పు నువ్వూ చేసే ఉంటావు. బండి గాల్లో ఉండగానే ఆర్మ్‌ల బోల్టులు పూర్తిగా బిగించేశావా? అయితే అన్నీ వదులు చెయ్యి. బుష్షు లోపలి స్టీలు గొట్టం బోల్టుతో పాటు బ్రాకెట్‌కి బిగుసుకుపోతుంది, రబ్బరు ఆ స్థితినే తన మామూలు స్థితి అనుకుంటుంది. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలి తిరిగి, రోజంతా మెలికలోనే ఉంటుంది. కొన్నాళ్లకి చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనించి, బండిని నాలుగైదు సార్లు నొక్కి వదిలి, అప్పుడు బిగించు. బిగించిన ప్రతి నట్టు మీదా తెల్ల పెయింటుతో గీత గియ్యి. గీత తప్పిందంటే నట్టు కదిలిందన్నమాట.

బ్రేకుల విషయంలో ఒక్క అడుగు కూడా వదలకు. చక్రం పూర్తిగా కిందకి వేలాడినప్పుడు బ్రేక్ గొట్టం తీగలా లాక్కుపోతుందేమో, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చూడు. లాగితే పొడుగువి వెయ్యి, బ్రేకు గొట్టాల్లో గాలి తీయించు. కొన్ని బండ్లకి వెనక యాక్సిల్‌కి తగిలించి బరువును బట్టి బ్రేక్ ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది. బండి లేచేసరికి బరువు లేదనుకుని వెనక బ్రేకులు తగ్గించేస్తుంది. నీదానికి ఉంటే దాని బ్రాకెట్ కూడా సర్దాలి.

షాక్ అబ్జార్బర్లు కొత్త ఎత్తుకి, కొత్త స్ప్రింగుకి తగినవే ఉండాలి. గట్టి షాక్ వేస్తే ఒరగడం నెమ్మదిస్తుంది, పొడుగాటి మలుపులో చివరికి ఒరిగేది మాత్రం అంతే ఒరుగుతుంది. చక్రం మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాపర్లు పొడుగు చెయ్యి. ఇంజన్ శక్తిని యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మెకానిక్‌కి చూపించు. హెడ్‌లైట్లు దించు. బండి కింద దూరేటప్పుడు జాకీ మీద నమ్మకం పెట్టుకోకు, స్టాండ్లు వెయ్యి. 

చక్రాలు బయటికి జరిపే స్పేసర్లు వెయ్యాలని నీకు అనిపించవచ్చు. పక్కకి 25 మిల్లీమీటర్ల చొప్పున జరిపితే పైన చెప్పిన 0.96 కాస్తా 0.99 అవుతుంది, మేలే. కానీ బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ముందు మిగతావన్నీ సరిచేసి చూడు.

టాప్ మీద నీళ్లు, స్టెప్నీ, జాకీ పెట్టకు. బరువైనవన్నీ సీట్ల వెనక, నేలకి ఆనించి, పట్టీలతో కట్టు. గుడారం లాంటి తేలికవి పైన పెట్టుకో, చాలు. నలుగురికీ కాలు చాపుకోడానికి చోటు లేదని సణిగితే సణగనీ.

అన్నీ అయ్యాక ఖాళీ మైదానంలో, నువ్వొక్కదానివే బెల్టు పెట్టుకుని, 20లో మొదలుపెట్టి ఎడమకి, వెంటనే కుడికి తిప్పి చూడు. రెండో తిప్పుకి బాడీ ఎంత ఆలస్యంగా వస్తుందో గమనించు. 30 దాటకు, చక్రం తేలికైనట్టు అనిపిస్తే అక్కడే ఆపెయ్యి. మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకోకు, వాడు అడిగినా సరే.

లింకులు ఇంటికి చేరాక నాకు ఫోన్ చెయ్యి. టార్క్ రెంచ్ కొనకు, నాది తెస్తాను. బోల్టులు నువ్వే బిగించు, ఈసారి టార్చ్ నేను పట్టుకుంటాను.

మీ పెదనాన్న