ఫైర్ లైను కొట్టే ముందు ఒక మాట

బిడ్డా,

లింగాల దగ్గర అడవి అంచున మామిడి తోట తీసుకున్నావని, గెట్టు పొడవునా ఫైర్ లైను, అంటే అడవి మంట తోటలోకి దాటకుండా గడ్డీ గాదం తీసేసిన మట్టి పట్టీ, కొట్టిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. హైదరాబాద్‌లో ఏసీ కింద కూర్చున్న పిల్లగాడికి చెట్లకంటే ముందు మంట సంగతి తట్టిందంటే సంబరమే. రాత్రి మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

అందరూ చెప్పేవి తొందరగా చెప్పేస్తా. సంక్రాంతి లోపలే దున్నించు. గడ్డి ఎత్తుకు మూడింతల వెడల్పు, ఎంత తక్కువైనా 10 అడుగులు. అడవి నీకు పల్లంలో ఉన్న వైపు ఇంకా వెడల్పు పెట్టు, మంట ఎత్తుకు ఎక్కేటప్పుడు ఉరుకుతుంది, 10 డిగ్రీల వాలుకే దాని వేగం దాదాపు రెండింతలవుతుంది. మొదళ్లు మిగలకుండా మట్టి తేలాలి. లైను నీ పట్టాలోనే ఉండాలి, గెట్టు అవతల చెట్టు ముట్టావంటే ఫారెస్టు కేసు.

ఇక మీ పెద్దనాయన చేసిన ఘనకార్యం విను. జేసీబీ పెట్టి లైను బ్రహ్మాండంగా కొట్టించాడు. పెకిలించిన సర్కారు తుమ్మ, పరికి కంప ఎక్కడ వెయ్యాలనే సమస్య వచ్చింది. అవతలికి తోస్తే ఫారెస్టోళ్లతో పేచీ, మోయిస్తే ట్రాక్టర్ కిరాయి. ఇవతలికే తోయించి గెట్టు పొడవునా పోయిస్తే మేకలు రాకుండా కంచె కూడా అవుతుందన్నాడు. నేను వద్దన్నా. ఆయన వింటే నా జుట్టు ఇంత తొందరగా ఎందుకు నెరుస్తుంది?

ఏప్రిల్ కల్లా ఆ కంప ముట్టుకుంటే విరిగేలా ఎండింది. చైత్ర పౌర్ణమి, అడవి లోపల జరిగే సలేశ్వరం జాతర రోజులు, అడవి నిండా జనం. బీడీ ఎవడు పారేశాడో, ఇప్పపువ్వు ఏరేవాళ్లు చెట్టు కింద ఆకు కాల్చారో ఇవాళ్టికీ తెలియదు. మధ్యాహ్నం గాలికి మంట వచ్చింది, లైను దాకా వచ్చి ఆగింది కూడా, నా కళ్లతో చూశా. కానీ ఒక నిప్పురవ్వ ఎగిరొచ్చి కంపలో పడింది. గడ్డి మంటైతే కాసేపట్లో పోతుంది, కంప సాయంత్రం దాకా మండింది. ముందు రెండు వరుసల చెట్లు నిలబడే మాడిపోయాయి, కాయలు కొమ్మ మీదే ఉడికిపోయాయి. కరెంటు ఉంది, బోరు పోస్తూనే ఉంది, డెలివరీ పైపు కరిగి ముద్దయ్యింది గనక చుక్క నీళ్లు చెట్లకు చేరలేదు. ఆ పైపు కోసం వేపమండ పట్టుకుని పొగలోకి ఉరికాడు మహానుభావుడు. ఎంత అరిచినా వెనక్కి రాలేదు. ఆయన మోచేతి మీది మచ్చను చిన్నప్పుడు గోకుతూ "ఏందిది పెద్దనాయనా" అనేవాడివి గుర్తుందా, అదీ దాని కథ.

కంప మోయించు, కిరాయి నేనిస్తా. మెయిన్ పైపు భూమిలో పాతించు, లైను దగ్గర తేలే ముక్క ఇనుపది పెట్టించు.

దున్నేశాం కదా అని ఊరుకోకు. మాఘం, ఫాల్గుణంలో టేకు ఆకు రాలిందంటే నీ లైను మళ్లీ అడవే. ఫారెస్టోళ్లు వాళ్ల ఫైర్ లైన్ల మీద బ్లోయర్లతో ఆకు ఊదిస్తారు, నువ్వూ ఒకటి కొనుక్కో, వారానికోసారి ఊదించు. వానాకాలంలో ఆ పట్టీని బోడిగా వదిలితే మట్టి కొట్టుకుపోయి వాగవుతుంది, వానలు తగ్గేటప్పుడు ఉలవలు చల్లు. సంక్రాంతికి ముందే కోసుకుని, మేకలు మేశాక దున్నించు. ఉలవచారుకూ పనికొస్తాయి.

అగ్గిపెట్టె మాత్రం తీయకు. యూట్యూబ్‌లో ఎదురుమంట, అంటే వచ్చే మంటకు ఎదురుగా మనమే నిప్పు పెట్టడం, చూసి మొనగాడిననుకోకు, గాలి తిరిగి అడవికి అంటుకుంటే 1967 నాటి అటవీ చట్టం కింద కేసు నీ మీదే. కేసు సంగతి తర్వాత, మీ అమ్మ ముఖం నేను చూడలేను. పొగ కనబడగానే ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కి, ఫైరింజన్ నంబరు 101కి ఫోన్ కొట్టి పనివాళ్లను తీసుకుని రోడ్డెక్కు. చెట్లు మళ్లీ పెట్టుకోవచ్చు నాయనా.

శనివారం బస్సుకు వస్తున్నా. అప్పటిదాకా జేసీబీ వాణ్ని పిలవకు, కంప ఎటు తోస్తాడో నేను పక్కన నిలబడి చూడాలి.

మీ పెద్దమ్మ