దుంకుడు, ఉరుకుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలు తలా ఒక ఊరి నుంచి వచ్చినా బాధ మాత్రం ఒకటే: "రోజూ చచ్చేంత చేస్తున్నం, అయినా పెరుగుతలేదు." అందుకే కొన్ని జవాబులు పొడుగైనయి.

ప్రశ్న (దేవరకొండ): కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారవుతున్న. లాంగ్ జంప్ 3.70 మీటర్ల దగ్గర ఆగిపోయింది. పొద్దున, సాయంత్రం కలిపి రోజూ ముప్పై నలభై సార్లు దుంకుతున్న. పెరగకపోగా ఒక్కోసారి 3.50కి పడిపోతున్నది. కాలు గీత దాటి ఫౌల్ కూడా పోతున్నది.

తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు లాంగ్ జంప్ 4 మీటర్లు, మూడు ఛాన్సులు. మీకు తక్కువ పడ్డది 30 సెంటీమీటర్లు, అంటే జానా బెత్తెడు. ఈ జానా బెత్తెడు కోసం కాళ్లకు కొత్త బలమేమీ తేనక్కర్లేదు. అది మీ రనప్‌లో (దుంకే ముందు ఉరికే పరుగులో) కొంత, ఇసుకలో పడే తీరులో కొంత దాక్కొని ఉంది.

ముందు ఆ ముప్పై నలభై దుంకుళ్లు ఆపండి. ఎనిమిదో పదో దాటాక కాళ్లలో చురుకు పోతుంది. ఆ తర్వాత మీరు దుంకేదంతా మెల్లగా దుంకడం నేర్చుకోవడమే. వారానికి రెండు రోజులు, రోజుకు 8 నుంచి 10 దుంకుళ్లు చాలు. ఒక్కోదాని మధ్య రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడండి. ఊరికే నిలబడటమే చాలామందికి చేతకాని పని.

ఇక రనప్. ఇసుక గుంటకు వీపు పెట్టి గీత మీద నిలబడి, అసలు దుంకేటప్పుడు వచ్చే ఊపుతోనే ముఖం ఉన్నవైపు 12 అడుగులు ఉరకండి. పన్నెండో అడుగు పడ్డచోట దోస్తు ముగ్గుతో గుర్తు పెట్టాలి. ఐదారుసార్లు చేస్తే గుర్తులు ఒకచోట గుంపుగా పడతాయి. ఆ గుంపు నడుమ మీ మార్కు. మీ స్థాయివాళ్లకు అది 17 నుంచి 20 మీటర్ల మధ్య వస్తుంది. టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. పరీక్ష రోజు గ్రౌండ్ మీద మీ ముగ్గు ఉండదు, అంకె ఉంటుంది. మార్కు మీద దుంకే కాలు ముందుపెట్టి నిలబడితే మొదటి అడుగు రెండో కాలితో పడుతుంది, పన్నెండోది సరిగ్గా దుంకే కాలే అవుతుంది.

ఫౌల్ రెండు రకాలు. మూడుసార్లూ 15 సెంటీమీటర్లే దాటుతుంటే మీ పరుగు బాగానే ఉన్నట్టు. మార్కును 15 సెంటీమీటర్లు వెనక్కి జరపండి, అయిపోయింది. ఒకసారి 15 దాటి, ఇంకోసారి 20 తక్కువ పడుతుంటే మార్కు జరిపి లాభం లేదు. మొదటి మూడు అడుగులు ఒక్కోసారి ఒక్కోలా వేస్తున్నారన్నమాట. ఊగి, రెండడుగులు నడిచి, అప్పుడు ఉరికే అలవాటుంటే మానేసి, నిలబడ్డచోటి నుంచే మొదలుపెట్టండి. ఆఖరి నాలుగడుగుల్లో గీతను చూడొద్దు. కన్ను కిందికి పోతే అడుగు కుంచించుకుపోతుంది. గుంట అవతల తుమ్మచెట్టో కరెంటు స్తంభమో ఉంటే దాని నడుమ భాగం మీద చూపు పెట్టండి.

ఆఖరి రెండడుగులకు వేరే తాళం ఉంది. పదకొండోది కొంచెం పొడుగు, పాదం మొత్తం ఆనాలి, నడుము కాస్త దిగాలి. పన్నెండోది పొట్టి, చటుక్కున పడాలి. డప్పు మీద సాగదీసి ఒకటి, వెంటనే తెంపి ఒకటి కొట్టినట్టు. ఆ పన్నెండో అడుగును చాలామంది మడమతో గుద్దుతారు. గుద్దితే బ్రేకు వేసినట్టే. పాదం చదునుగా పడి, రెండో మోకాలు నడుము ఎత్తుకు రావాలి.

ఇప్పుడు పడే తీరు. కొలత ఇసుకలో గీతకు దగ్గరగా ఉన్న గుర్తు నుంచి తీస్తారు. మడమలు 4 మీటర్ల దగ్గర పడి, చెయ్యి వెనక 3.75 దగ్గర ఆనితే మీ దూరం 3.75. మీ ముప్పై సెంటీమీటర్లలో సగం ఇక్కడే పోతున్నదని మా అనుమానం. ఇసుక మీద అడ్డంగా ఒక తాడు పరిచి, నిలబడ్డచోటి నుంచే దుంకి, మడమలు తాడు అవతల వేయండి. మడమలు ఇసుకను తాకగానే మోకాళ్లు వదిలేసి నడుమును మడమల మీదుగా ముందుకో పక్కకో జారనివ్వాలి. ప్రాక్టీసు రోజు చివర్లో ఆరుసార్లు చాలు. అంతకుముందు పారతో ఇసుకను అడుగు లోతు తిరగేయండి. వాన పడి ఆరిన గుంట గచ్చులా ఉంటుంది. అందులో ఎవరూ కాళ్లు ధైర్యంగా ముందుకు చాపరు.

ఒక్క మెలిక ఉంది. ఆ రిక్రూట్‌మెంట్‌లో 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేసినవాళ్లే లాంగ్ జంప్‌కు వెళ్లారు. కాబట్టి పది రోజులకోసారి 1600 ఉరికి, అరగంట ఆగి, మూడంటే మూడే దుంకుళ్లు టేపు పెట్టి దుంకి చూడండి. అది పరీక్ష, ప్రాక్టీసు కాదు. మామూలు రోజుల్లో జంప్ ముందు, పరుగు తర్వాత.

ప్రశ్న (వనపర్తి): వాలీబాల్ స్పైకర్‌ను, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఫోన్ల వీడియో చూసి కాళ్లకు ఇసుక పట్టీలు కట్టుకొని రోజుకు 300 జంపింగ్ బైఠక్‌లు తీస్తున్న. రెండు నెలలైంది. జంప్ అంతే ఉంది, మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది.

ఆ వీడియోలు తీసేవాళ్లు మీ మోకాలు చూడరు. పట్టీలు ఈ రోజే విప్పేయండి. పాదం దగ్గర బరువు కడితే దుంకే తాళం మారిపోతుంది, మోకాలి మీద లాగుడు పెరుగుతుంది, ఎత్తు మాత్రం పెరగదు. 300 బైఠక్‌లు ఓపిక పెంచుతాయి. మీకు కావాల్సింది ఒక్క దెబ్బలో పుట్టే బలం.

నొప్పి సంగతి ముందు. చిప్ప కింద వేలితో నొక్కితే ఒకే చోట సూదిలా నొస్తూ, ఒళ్లు వేడెక్కాక తగ్గి, మర్నాడు మెట్లు దిగేటప్పుడు మళ్లీ వస్తున్నదంటే చాలావరకు అది చిప్పను కాలి ఎముకకు కట్టి ఉంచే నరపట్టీ నొప్పి. పూర్తిగా పడుకుంటే తగ్గినట్టే ఉండి, ఆటలోకి రాగానే తిరగబెడుతుంది. దానికి మెల్లని బరువు కావాలి. మొదటి మూడు వారాలు రోజు విడిచి రోజు గోడకు వీపు ఆనించి కుర్చీలా కూర్చోండి: 45 సెకన్లు, ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు. నొప్పి పదింట మూడు దాటకూడదు, మర్నాడు పొద్దటికి పెరిగి ఉండకూడదు. ఈ రెండు షరతులు నిలబడితే నాలుగో వారం నుంచి బియ్యం సంచిలో 20 కిలోల ఇసుక నింపి, ఛాతీకి హత్తుకొని బైఠక్: దిగడానికి మూడు సెకన్లు, లేవడానికి రెండు, 8 చొప్పున నాలుగు సెట్లు, వారానికి మూడు రోజులు. సులువైతే ఐదు కిలోలు పెంచండి. మెట్టు అంచున ఒంటికాలి మడమలెత్తడం 12 చొప్పున మూడు సెట్లు కూడా కలపండి. పిక్క మీద ఎవరికీ దయ ఉండదు గానీ, దుంకులో ఆఖరి తోపు దానిదే. మోకాలు వాచినా, పట్టేసినా, రాత్రి నొప్పి లేపుతున్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు, ఎముకల డాక్టర్ దగ్గరికి పొండి.

దుంకుడు ఆరో వారంలో మొదలుపెట్టండి. మొదట అడుగు ఎత్తు అరుగు మీది నుంచి దిగి, చప్పుడు లేకుండా ఆగడం, అంతే. దోస్తును ఎదురుగా నిలబెట్టి వీడియో తీయించండి. మోకాళ్లు లోపలికి కలుసుకుంటున్నాయంటే ఇంకా పైకి దుంకే యోగ్యత రాలేదు. అది కుదిరాక నాలుగేసి దుంకుళ్లు పది సెట్లు, పూర్తి బలంతో, సెట్టుకు సెట్టుకు ఒకటిన్నర నిమిషం. వారానికి రెండు రోజులే. సాయంత్రం ఆటలో కొట్టే స్పైకులు, వేసే బ్లాకులు కూడా దుంకుళ్లే. వాటిని లెక్కలో కలపకపోవడమే మోకాళ్లు పోవడానికి పెద్ద కారణం.

ఎంత పెరిగిందో తెలియాలంటే వేళ్లకు ముగ్గుపిండి రాసుకొని గోడ మీద నిలబడి అందినంత ఒక గుర్తు, దుంకి ఒక గుర్తు పెట్టండి. మీ ఎత్తువాళ్ల చెయ్యి సుమారు 2.25 మీటర్లు అందుతుంది, మగవాళ్ల నెట్ 2.43. నెట్ మీద 40 సెంటీమీటర్ల ఎత్తులో బంతి కొట్టాలంటే 58 సెంటీమీటర్లు లేవాలి. మూడడుగులు వేసి దుంకి కూడా ఒక గుర్తు పెట్టండి. అది నిలబడి దుంకినదానికన్నా 8, 10 సెంటీమీటర్లయినా పైన లేకపోతే లోపం అడుగుల్లో ఉంది. కుడిచేతివాళ్లకు ఎడమ, తర్వాత కుడి–ఎడమ దాదాపు కలిసి పడాలి. కుడి కాలు పడే క్షణానికి చేతులు రెండూ బాగా వెనక్కి పోయి ఉండాలి. ఊళ్లల్లో ఆడే చాలామంది చేతులను పొట్ట దగ్గరే ఉంచుకొని దుంకుతారు. సగం జంప్ అక్కడే పోతుంది.

ప్రశ్న (అచ్చంపేట, ఒక తండ్రి): మా బిడ్డకు 13 ఏళ్లు, 100 మీటర్లు ఉరుకుతది. 60 దాకా ముందుంటది, తర్వాత వెనకబడుతది. స్టామినా కోసం రోజూ 400 మీటర్లు ఐదుసార్లు ఉరికిస్తున్నరు. పైగా స్కూల్‌ల 14.2 వచ్చింది, హైదరాబాద్ మీట్‌ల 14.5 పడ్డది. తగ్గిందా?

తగ్గలేదు. స్కూల్లో చేతి స్టాప్‌వాచ్, హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ టైము పెట్టి ఉంటారు. స్టాప్‌వాచ్ టైము ఎలక్ట్రానిక్ టైము కన్నా తక్కువ చూపిస్తుంది. 100 మీటర్లకు ఆ తేడా 0.24 సెకన్లని లెక్క. పైగా గీత దగ్గర నిలబడ్డ సారు విజిల్ విని వాచీ నొక్కితే, ఆ చప్పుడు వంద మీటర్లు దాటి రావడానికే దాదాపు 0.3 సెకను పడుతుంది. విజిల్‌కు బదులు స్టార్ట్ దగ్గర క్లాపర్ (టప్పున కొట్టే రెండు చెక్కలు) పెట్టి, చెక్కలు కలిసే క్షణాన్ని కంటితో చూసి నొక్కాలి.

చివర వెనకబడటం స్టామినా లోపం కాదు. 2009 బెర్లిన్‌లో 9.58 ఉరికిన ఉసేన్ బోల్ట్‌కు కూడా ఆఖరి 20 మీటర్లు దానికి ముందు 20 కన్నా నెమ్మదిగానే పడ్డాయి. చివర తక్కువ తగ్గినవాళ్లే ముందుకు దూసుకొచ్చినట్టు కనిపిస్తారు. 400లు వారానికి ఒక్కసారికి కుదించమనండి. రెండు రోజులు వేగం చేయించాలి: 20 మీటర్లు మెల్లగా ఊపు అందుకొని, తర్వాత 20 పూర్తి వేగం, నాలుగైదుసార్లు, మధ్యలో నాలుగు నిమిషాలు. టైము పడిపోగానే ఆ రోజుకు ఆపేయాలి. ఆఖర్లో పళ్లు బిగించి, భుజాలు చెవుల దాకా లేపుతున్నదేమో చూడండి. దవడ వదులైతే భుజాలు దిగుతాయి, అడుగు పెద్దదవుతుంది. ఎదిగే వయసు. మడమలోనో చిప్ప కింది ఎముకలోనో నొప్పి అంటే నాటకం అనుకోవద్దు, వారం పది రోజులు పరుగు తగ్గించండి.

ప్రశ్న (మిర్యాలగూడ): రోజూ బైపాస్ రోడ్డు మీద 5 కిలోమీటర్లు ఉరుకుతున్న. మోకాలి కింద ముందటి ఎముక లోపలి పక్క నొస్తున్నది. ఉరకొచ్చా?

వేలితో ఎముక వెంబడి నొక్కుకుంటూ పోండి. జానెడు పొడవునా నొస్తే అది ఎక్కువ ఉరికినందుకు వచ్చే నొప్పి. పరుగు సగానికి తగ్గించి, మట్టి బాటకు మారి, పిక్కలకు బలం చేస్తే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఒకే బిందువు దగ్గర వేలు పెట్టగానే ఉలిక్కిపడేలా నొస్తే, రాత్రి కూడా నొస్తే, పరుగు పూర్తిగా ఆపండి. ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో అది ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. "ఎక్స్‌రే క్లియర్" అన్నారని మళ్లీ రోడ్డెక్కకండి.

ప్రశ్న (మహబూబ్‌నగర్): 62 కిలోలు ఉంటా. ప్రోటీన్ పౌడర్ లేకుంటే జంప్ పెరగదంటున్నరు. నిజమేనా?

కాదు. బలం సాధన చేసేవాళ్లకు కిలో బరువుకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ చాలు. మీకు వంద గ్రాములు. మూడు గుడ్లు 18, గుప్పెడు పల్లీలు (50 గ్రాములు) 12, రెండు గ్లాసుల పాలు 16, మూడు జొన్నరొట్టెలు 15, కందిపప్పు 60 గ్రాములు 13, రోజు తినే అన్నం 10, మీల్‌మేకర్ 30 గ్రాములు 15. కూడుకోండి. పల్లీలు పండే జిల్లాలో ఉండి డబ్బాకు వేలు పోయడం మాకు నచ్చని పని.

ప్రశ్న (హాలియా): మా ఊళ్ల గ్రౌండ్ లేదు. రేగడి చేన్ల ఉరకొచ్చా?

వేసవిలో వద్దు. నెర్రెలు పడ్డ రేగడిలో పాదం ఇరుక్కుంటే చీలమండ పోతుంది, నెర్రెలు లేనిచోట రాయిలా గట్టిగా ఉంటుంది. చల్క (ఎర్ర ఇసుక) నేల చూసుకోండి. రెండు మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు బాట చాలు. రాళ్లు ఏరి, తుమ్మముళ్లు ఊడ్చి, ముందు రోజు సాయంత్రం నాలుగు బిందెల నీళ్లు చల్లితే పొద్దటికి దుమ్ము అణిగి ఉంటుంది. ఉరకడానికి 40 మీటర్లే లెక్కపెట్టుకోండి. మిగతా 20 ఆగడానికి. చాలామంది గట్టు దగ్గరికి గీత గీసుకొని, ఆఖరి అడుగుల్లో గభాలున ఆగబోయి తొడ వెనక కండ పట్టేయించుకుంటారు.