పొడపత్రి నమిలాక వణుకు, చెమటలు.. షుగర్ మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. ఉదయం వేసుకుంటాను. నల్లమల నుంచి బంధువు తెచ్చిన పొడపత్రి ఆకులు రెండు వారాలుగా పరగడుపున నాలుగేసి నములుతున్నాను. ఆ తర్వాత బెల్లం ముక్క నోట్లో వేసుకున్నా మట్టి తిన్నట్టే ఉంటోంది. 11 గంటలయ్యేసరికి చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి. షుగర్ తగ్గిపోయినట్టేనా? మాత్రలు ఆపేయొచ్చా? - ఓ పాఠకుడు

జవాబు: మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ముందు ఆకు ఆపండి. చెమటలు, వణుకు, ఆకలి.. ఇవన్నీ షుగర్ పడిపోతున్న లక్షణాలే. మళ్లీ వణుకు మొదలైతే వెంటనే గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకొని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే ఇంకోసారి తాగండి. మీటరు దగ్గర లేకపోతే దాని కోసం ఆగకుండా తాగేయండి. కోలుకున్నాక తప్పకుండా ఏదైనా తినండి. గ్లిమెపిరైడ్ రోజంతా పనిచేస్తుంది కాబట్టి కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

పొడపత్రి నమిలిన గంటలోపు గ్లూకోజు తాగితే తియ్యగా అనిపించదు. అయినా పనిచేస్తుంది, సందేహించకండి. మీ మాత్రలో వోగ్లిబోస్ (పిండి పదార్థాలు, చక్కెర అరిగే వేగాన్ని తగ్గించే మందు) కూడా కలిసి ఉందేమో అట్ట మీద చూడండి. ఉంటే చక్కెర, బెల్లం త్వరగా రక్తంలోకి చేరవు, గ్లూకోజు పొడే వాడాలి.

తీపి తెలియకపోవడానికీ షుగర్ తగ్గడానికీ సంబంధం లేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలను అరగంట నుంచి గంటదాకా కప్పేస్తాయి. తెచ్చింది పొడపత్రేనని తెలుసుకోవడానికి ఇది మంచి గుర్తు, అంతవరకే. అలాగని ఈ తీగకు గుణం లేదనను. సంస్కృతంలో దీన్ని మధునాశిని అన్నారు. కాయలు పొట్టేలు కొమ్ముల్లా ఉంటాయి కనుక మేషశృంగి అనీ అన్నారు. 1990లో మద్రాసు పరిశోధకులు మాత్రలు వాడుతున్న 22 మంది షుగర్ రోగులకు దీని సారాన్ని రోజుకు 400 మి.గ్రా. చొప్పున ఏడాదిన్నరకు పైగా ఇస్తే షుగర్ తగ్గింది, అయిదుగురికి మాత్రల అవసరమే లేకపోయింది. కానీ అది చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన బృందమూ లేదు. పైగా వాళ్లు వాడింది చిక్కటి సారం. ఆయుర్వేద వైద్యులు ఆకు చూర్ణాన్ని సాధారణంగా 3 నుంచి 6 గ్రాములు ఇస్తారు. పచ్చి ఆకుల లెక్కకు ఈ రెండింటితోనూ పోలిక కుదరదు, మందు శాతం చెట్టునుబట్టి, కాలాన్నిబట్టి మారుతుంది.

గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. పొడపత్రికీ కొంత ఆ గుణం ఉందని జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. రెండూ కలిశాయి. ఆకు నమిలాక టిఫిన్ రుచించక తక్కువ తిని ఉంటే షుగర్ మరింత పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఈ ప్రమాదం తక్కువ, ఇన్సులిన్ తీసుకునేవారిలో ఎక్కువ. బీపీకి మెటోప్రొలాల్ వంటివి వాడేవారికి వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమటే ముఖ్యమైన గుర్తు.

ఆకు ఆపాక వారం రోజులు పరగడుపున, 11 గంటలకు, రాత్రి పడుకునే ముందు షుగర్ చూసి రాసుకోండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), కాలేయ పరీక్షలు చేయించుకుని ఆ కాగితాలతో మీ డాక్టర్ని కలవండి, ఆకు నమిలిన సంగతి దాచొద్దు. ఆకు ఆపినా షుగర్ పడిపోతుంటే వారం ఆగకుండా డాక్టర్ని కలవండి, గ్లిమెపిరైడ్ మోతాదే ఆయన తగ్గించాల్సి ఉంటుంది. పొడపత్రి వాడాలనే ఉంటే అదీ డాక్టర్ లెక్కలోనే జరగాలి. కాలేయం దెబ్బతిన్న సందర్భం వైద్య పత్రికల్లో నమోదైంది కాబట్టి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆకు వెంటనే మానేయాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీని జోలికి వెళ్లొద్దు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపాలి.

మరొక్క మాట. పాముకాటుకు పొడపత్రి వేరు అరగదీసి తాగించే అలవాటు పాతకాలం నుంచీ ఉంది. దయచేసి ఆ పని చేయకండి. పాము విషానికి విరుగుడు ఆసుపత్రిలో ఎక్కించే యాంటీ వీనమ్ ఒక్కటే, వేరు కోసం వెతికే ప్రతి నిమిషమూ ప్రాణానికి నష్టం.