మోడం పట్టిందా, వాతావరణం బాగోలేదా?

సందేహం: అయ్యా, భూమిని చుట్టుకున్న గాలి పొరే వాతావరణమని ఏడో తరగతి పిల్లలకు చెప్పాను. వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, “టీవీలో ఈరోజు వాతావరణం పొడిగా ఉంటుందంటారే, పొర పొడిగా ఉండడమేంది మేడమ్?” అన్నాడు. ఏ వాడుక సరైనది? పనిలో పని, తుఫానా, తుపానా?
– ఒక ఉపాధ్యాయిని, చిత్తూరు

సమాధానం: రెండోది ముందు తేల్చేస్తానమ్మా. అరబ్బీ, పారసీల మీదుగా వచ్చిన మాట అది. రెండూ రాయవచ్చు.

మొదటిదానికి మాత్రం కొంచెం ఓపిక పట్టండి. ‘వాతానికి ఆవరణం’ అని విగ్రహవాక్యం చెబితే గాలి చుట్టూ ఎవరో ప్రహరీ కట్టినట్టు వినిపిస్తుంది. ‘వాతమే ఆవరణం’ అనుకుంటే మీ పాఠం కుదురుతుంది. ఆ ఆవరణంలో, పొడిగాలి లెక్కన, నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు, మిగతాదంతా ఆర్గాన్ వగైరా. నీటి ఆవిరి చోటును బట్టి ఉండీ లేనట్టు మొదలుకొని 4 పాళ్ల దాకా ఉంటుంది. వానకు పెట్టుబడి ఆ కాస్త ఆవిరే.

ఇక ‘వాతం’. మన పల్లెల్లో ఆ మాటంటే కీళ్లనొప్పులే గుర్తొస్తాయి. దీని మూలం ‘వా’ ధాతువు: కదలడం, వీచడం. వాయువూ ఆ ఇంటి బిడ్డే. తిరుపతిలో మా చిన్నప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి అమరం, అంటే అమరసింహుడు కూర్చిన సంస్కృత పర్యాయపదాల కోశం, వల్లె వేయించేవారు. అందులో గాలి పేర్లు ఇలా ఉంటాయి: ‘శ్వసనః స్పర్శనో వాయుర్మాతరిశ్వా సదాగతిః’. అందులో ‘సదాగతి’ దగ్గర నాకు ఇప్పటికీ నాలుక ఆగుతుంది. ఎప్పుడూ పోతూనే ఉండేది! ఎందుకు పోతుంది? ఎండకు నేల కాగుతుంది, నేల తన మీది గాలిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతే అక్కడ పీడనం తగ్గుతుంది, ఎక్కువున్న చోటి గాలి అటు పరుగు తీస్తుంది. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరు మీద సుమారు కిలో గాలి బరువు ఉంటుంది. అమరసింహుడు ఈ బరువు తూచలేదు, అయినా పేరు మాత్రం గురి తప్పలేదు. ఆ వరసలోదే ‘వాయుగుండం’. నడుమ పీడనం పడిపోయి చుట్టూ గాలి సుడి తిరుగుతుంటే, సుడిగుండం చూసిన కన్నే ఆ మాట కట్టి ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో అవి పుడితేనే కదా మన చెరువులు నిండేది!

పైకి పోయిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, అందులోని ఆవిరి మబ్బు కడుతుంది. మనవాళ్లు దాన్ని మోడమంటారు, కన్నడిగులు మోడ అంటారు. తెలంగాణ మొగులూ తమిళ ముగిలూ అక్కాచెల్లెళ్లు. మోడం పట్టింది, ముసురేసింది, ఉక్కపోస్తోంది అని ఉన్నదున్నట్టు చెప్పే భాషలో ఇప్పుడు అన్నిటికీ ఒకటే మాట: ‘వాతావరణం బాగోలేదు’. ఎండా, వానా, ఈదురుగాలా? అడిగితే తప్ప చెప్పరు. పండగకొక వాతావరణం, చర్చలకొక సానుకూల వాతావరణం వేరే! ఏళ్ల సగటుకు ‘శీతోష్ణస్థితి’ ఉంది, అందులో వానేదీ అంటే నా దగ్గర జవాబు లేదు.

తప్పనడానికి మాత్రం నోరు రాదు. చిత్తూరు దారిలో గాదంకి దగ్గరున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడారు ఆకాశం కేసి తరంగాలు పంపి గాలి పొరలను చూస్తుంది. అక్కడ వాతావరణమంటే ఆవరణమే. భారత వాతావరణ శాఖ వానా ఎండా చెబుతుంది. అక్కడా అదే మాట. పైగా ఎత్తుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. తిరుపతికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమల చేరి ‘ఇక్కడ వాతావరణం చల్లగా ఉంది’ అన్నవాడిది రెండర్థాల్లోనూ ఒప్పే.

పిల్లవాడి ప్రశ్నకొస్తే, ఆవిరి తక్కువైన పొర పొడి పొరే, అంతవరకు టీవీవారిది సరైన మాటే. కానీ వారి లెక్కలో పొడి అంటే వాన పడదని మాత్రమే. ఉక్కకు చొక్కా వీపుకు అతుక్కుపోయిన రోజున కూడా ‘పొడి వాతావరణం’ అని చదివితే, ఆ పిల్లవాణ్ణి ఇంకోసారి లేచి అడగమనండి.