మందారానికి వచ్చే తేనెపిట్టలు రెండు జాతులా, ఒకటే రంగు మారుస్తుందా?

కూకట్‌పల్లిలో మీ బాల్కనీ మందారం మీదికి ఒకసారి నల్లటి తేనెపిట్ట, ఒకసారి పసుపు పొట్టది వస్తున్నాయి, ఇవి వేర్వేరు జాతులా, ఒకే పిట్ట రంగు మారుస్తోందా అని కదా మీ అనుమానం. రెండూ జరుగుతాయండి. హైదరాబాద్‌లో పర్పుల్ సన్‌బర్డ్ (కింద 'పర్పుల్' అంటాను), పర్పుల్-రంప్డ్ సన్‌బర్డ్ (కింద 'రంప్డ్') రెండూ మామూలే. వాటిలో ఒకటి వేషం కూడా మారుస్తుంది.

మగది నిలువెల్లా నల్లగా, ఎండ పడితే నీలం, ఊదా మెరుస్తూ ఉంటే అది పర్పుల్. రంప్డ్ మగదానికి గొంతు ఊదా, ఛాతీకి అడ్డంగా మెరూన్ పట్టీ, కింద పసుపు, పక్కలు తెలుపు. పేరులో ఉన్న ఆ నడుము ఊదా మాత్రం పిట్ట వెనక్కి తిరిగి, వెలుగు సరిగ్గా పడితే గానీ కనబడదు. దాన్ని నమ్ముకుంటే పని జరగదు.

అసలు తికమక చలికాలం మొదట్లో. పిల్లల కాలం అయిపోయాక పర్పుల్ మగది నల్ల ఈకలు రాల్చేసి దాదాపు ఆడదానిలా పసుపుగా మారిపోతుంది. గడ్డం నుంచి పొట్ట దాకా ఒక నల్లటి గీత మాత్రం మిగులుతుంది. మా కాలనీ వాట్సాప్‌లో 'కొత్త పిట్ట వచ్చింది' అంటూ పెట్టే ఫొటోలు చాలావరకు ఇదే. (మిగతావి 'హమ్మింగ్‌బర్డ్' అని పెట్టేవి. అవి అమెరికా ఖండాలు దాటి రావండీ.) రంప్డ్ మగది ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుంది. అందుకే నేను మొదట చూసేది ఛాతీనే: నిలువు గీతైతే పర్పుల్, అడ్డ పట్టీ అయితే రంప్డ్.

ఆడవాటికి గొంతు చూడండి. రంప్డ్‌కి బూడిద కలిసిన తెలుపు, పర్పుల్‌కి గొంతు నుంచే లేత పసుపు. ఫొటో తీస్తే పక్క నుంచి కాకుండా ముందు నుంచి తీయండి.

ఇంకో మాట. రంప్డ్ ఇళ్ల దగ్గర బాగా గూడు కడుతుంది. నారలు, బెరడు పెచ్చులు సాలీడు దారాలతో అతికించి వేలాడదీసిన సంచీ, పక్కన చిన్న ద్వారం. దూరం నుంచి అచ్చం బూజే. బట్టల తీగకి అలాంటిది కనిపిస్తే చీపురు పెట్టకండి. గుడ్లు మామూలుగా 2, పొదగడానికి 15 రోజుల పైచిలుకు. పిల్లలు ఎగిరిపోయేదాకా బట్టలు ఇంకోచోట ఆరేసుకోండి.