మందు పెంచే ముందు ఎండుపుల్ల విరిచి చూడండి

ప్రశ్న: మాది ఇరవై ఏళ్ల మామిడి తోట. పూత కనపడింది మొదలు పది రోజులకోసారి మందు కొడుతున్నాం. పోయిన కాపుకి ఎనిమిది సార్లు కొట్టాం. అందులో ఆరుసార్లు కార్బెండజిమ్ అనే తెగులు మందే. కోసినప్పుడు కాయ నున్నగా ఉంది. మాగేసిన నాలుగో రోజుకి తొడిమ దగ్గర నుంచి నల్ల మచ్చలు దిగాయి. మందు మార్చాలా, మోతాదు పెంచాలా? ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మోతాదు మాత్రం పెంచకండి. ముందు చెట్టు గుబురులోకి వెళ్లి ఒక ఎండుపుల్ల విరిచి తెచ్చుకోండి. తడిపి పిండిన కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. మూడు నాలుగు రోజులయ్యాక భూతద్దం పెట్టి చూడండి. బెరడు మీద సూదితో పొడిచినట్టు నల్లటి చుక్కలు, వాటి మీద లేత నారింజ రంగు జిగురు బొట్లు కనపడితే, మీ మచ్చ తెగులు అక్కడే కాపురం ఉన్నట్టు. ఆ చిన్న బొట్టులోనే తెగులు శిలీంధ్రానికి విత్తనాల్లాంటి సిద్ధబీజాలు వేలకొద్దీ ఉంటాయి. చినుకు పడ్డప్పుడల్లా చిట్లి కింద ఉన్న పూత మీద, పిందెల మీద పడతాయి.

నేను మొదటిసారి ఆ డబ్బా మూత తీసిన రోజు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అప్పటికి నాలుగేళ్లుగా ఆకు తడిసేలా మందు కొడుతూనే ఉన్నాను. ఎండుకొమ్మ ఒక్కటి కూడా తీయలేదు.

కాయ పచ్చిగా ఉన్నప్పుడే శిలీంధ్రం తొక్కలోకి దూరి ఊరుకుంటుంది. పచ్చి తొక్కలో దాన్ని ఆపే పదార్థాలు ఉంటాయి. కాయ మాగేకొద్దీ అవి తగ్గిపోతాయి, అప్పుడు ఇది లేస్తుంది. మీకు కోతప్పుడు కాయ నున్నగా కనపడింది అందుకే.

కాబట్టి ఈసారి కోత అవగానే రంపం పట్టండి. ఎండినదాన్ని ఎండిన చోటే ఆపకుండా, పచ్చి కట్టెలోకి మూడు నాలుగు అంగుళాలు దిగి కోయండి. కోసిన పుల్లల్ని చెట్టు కిందే వదిలేస్తే పని సగమే అయినట్టు, తోట బయటికి మోయించండి. పెద్ద గాట్లకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయండి. తర్వాత నడిమి కొమ్మలు ఒకటి రెండు తీసి పైకప్పు తెరవండి. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నిలబడితే నేల మీద ఎండ అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా పడాలి. పచ్చటి కొమ్మ మీద రంపం పెట్టడానికి చేతులు రావు, నాకూ రాలేదు. కానీ ఈ బీజం మొలవాలంటే ఆకు మీద తడి గంటల తరబడి నిలవాలి. గాలి ఆడే చెట్టులో తడి తొందరగా ఆరుతుంది. మందుతో పనిలేకుండా తెగులును ఆపేది అదే.

ఇక మందు పది రోజుల లెక్కన కాదు, తడి లెక్కన కొట్టండి. ఒక పుస్తకం పెట్టి రోజూ రెండే రాయండి: ఆకు తడి ఎన్ని గంటలకు ఆరింది, వాన పడిందా లేదా. పూత, పిందె దశల్లో ముసురు వచ్చేలా ఉంటే ముందుగా కొట్టాలి. పొడిగా ఉన్న వారాల్లో ఈ తెగులుకి కొట్టక్కర్లేదు. నా తోటలో మొదటి ఏడాది పెద్దగా తేడా రాలేదు. మూడో ఏటికి తొమ్మిది పిచికారీలు నాలుగయ్యాయి.

కార్బెండజిమ్ శిలీంధ్రాన్ని ఒక్క చోటే దెబ్బతీస్తుంది. పదే పదే వాడితే తట్టుకున్నవే మిగిలి పెరుగుతాయి, అప్పుడు మోతాదు పెంచినా వాటికి లెక్క ఉండదు. రాగి మందులు చాలా చోట్ల దెబ్బతీస్తాయి. ద్రాక్ష తెగులు కోసం వృక్షశాస్త్రవేత్త మిలార్డే 1885లో ఫ్రాన్సులో ప్రకటించిన బోర్డో మిశ్రమం ఇప్పటికీ పనిచేస్తోందంటే కారణం అదే. అయితే రాగి నేలలో పేరుకుంటుంది, వానపాములకు చేటు. దాన్నీ అవసరానికే వాడండి.

కోసిన కాయలో దాగినదానికి వేడినీళ్లున్నాయి: 52 డిగ్రీల సెల్సియస్, పది నిమిషాలు. థర్మామీటర్ లేకుండా చేయి పెట్టి చూసి చేయకండి, రెండు మూడు డిగ్రీలు ఎక్కువైనా తొక్క ఉడికిపోతుంది. ముందు పది కాయలతో చేసి చూసుకోండి.

ప్రశ్న: బూడిద తెగులుకి కూడా ఇదే పద్ధతా?

జవాబు: కాదు. దానికి ఆకు తడవక్కర్లేదు. వాన లేని చల్లటి రోజుల్లోనే పూతగెలల మీద తెల్లటి పొడిలా అల్లుకుంటుంది. గెలలు బయటికొచ్చి పువ్వు విచ్చకముందు, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టండి. ఎండ మండే వేళ కొడితే పూత మాడుతుంది. పువ్వు నిండుగా విచ్చాక ఆపేయండి. మామిడికి ఎక్కువగా ఈగలే పరాగసంపర్కం చేస్తాయి, వాటిని పని చేసుకోనివ్వాలి.

ప్రశ్న: బోర్డో మిశ్రమం కొడితే లేత చిగురు మాడింది. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: బహుశా సున్నం చాలలేదు. గాలికి పొడైపోయిన పాత సున్నం తూకానికి సరిపోయినా పనికి సరిపోదు. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం 50 లీటర్లలో, కిలో మంచి సున్నం ఇంకో 50 లీటర్లలో, ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలపండి. తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి వంపుతూ కలియబెట్టాలి, సున్నాన్ని తుత్తంలోకి వంపకూడదు. తర్వాత బాగా తోమిన ఇనుప చాకును నిమిషం పాటు ముంచి తీయండి. దాని మీద ఎర్రటి రాగి పూత పడితే ఇంకొంచెం సున్నపు తేట పోసి మళ్లీ ముంచండి. చాకు మెరుస్తూ బయటికొచ్చాకే ట్యాంకులో పోయండి, ఆ రోజే వాడేయండి.